వాయు కాలుష్యం నుంచి ప్రజారోగ్య పరిరక్షణ – ఫార్మసిస్టుల పాత్ర

నార్కట్‌పల్లి: హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి నుంచి అద్దంకి వైపు రహదారి చీలే కూడలి నార్కట్‌పల్లి. రేయింబవళ్లు సాగే లారీలు, బస్సుల పొగ, రోడ్డు అంచుల నుంచి లేచే దుమ్ము, కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు ఎగసే నుసి, వరి కొయ్యకాళ్లు తగులబెట్టిన పొగ, ఇళ్లలో కట్టెల పొయ్యి పొగ వంటివి ఇటువంటి ప్రాంతాల్లో గాలిని కలుషితం చేస్తాయి. దగ్గు, ఆయాసం మొదలైనవారిలో చాలామంది ముందుగా వెళ్లేది మందుల దుకాణానికే. అక్కడ లభించే సలహాను బట్టే వ్యాధి సకాలంలో బయటపడటమో, ముదిరిపోవడమో జరుగుతుంది.

గాలిలోని ముప్పు

2.5 మైక్రాన్లు, అంతకన్నా తక్కువ వ్యాసం గల ధూళికణాలు అత్యంత హానికరమైనవి. తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు ఉండే ఈ కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరి, ఉబ్బసంతో పాటు గుండెజబ్బులు, పక్షవాతం ముప్పును కూడా పెంచుతాయి. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఇవి వార్షిక సగటున 40 మైక్రోగ్రాములకు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 5 మైక్రోగ్రాములు మాత్రమే. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో జిల్లా కేంద్రమైన నల్గొండ పట్టణాన్ని కూడా చేర్చడం గమనార్హం.

మందు ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు

దగ్గు మందు అడిగిన వ్యక్తిని "ఎన్నాళ్లుగా ఉంది?", "ఏ పని చేస్తారు, ఇంట్లో వంట దేనిమీద?" అని ఫార్మసిస్టు విచారించాలి. రెండు వారాలకు మించిన దగ్గు అయితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా జరిపే క్షయ పరీక్షకు పంపాలి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మహిళకు, బీడీ, సిగరెట్ ఎరుగకపోయినా, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక వ్యాధి రావచ్చు. మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం, పెదవులు నీలిబారడం, ఛాతీనొప్పి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయించాలి.

ఇన్‌హేలరుపై అపోహలు వీడాలి

"పంపు ఒకసారి అలవాటైతే మానలేం" అన్న భయంతో అనేకులు మాత్రలనే ఆశ్రయిస్తున్నారు. వాస్తవానికి ఇన్‌హేలరులో మందు మైక్రోగ్రాముల్లోనే ఉండి, నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. స్టెరాయిడ్ మాత్రలను దీర్ఘకాలం వాడితే మధుమేహం, రక్తపోటు, ఎముకల బలహీనత వంటి సమస్యలు తలెత్తవచ్చు. షెడ్యూల్ హెచ్ కిందకు వచ్చే ఈ మాత్రలను వైద్యుని చీటీ లేకుండా విక్రయించరాదు. ఇప్పటికే వాడుతున్నవారు వైద్యుని సలహా లేకుండా ఒక్కసారిగా మానరాదు.

ఇన్‌హేలరు వాడే పద్ధతిని ఫార్మసిస్టే చేసి చూపాలి. సాధారణ పంపు అయితే బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, దాదాపు 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలరు తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయాలి. తక్షణ ఉపశమనమిచ్చే పంపునే మళ్లీ మళ్లీ కొనే రోగికి వ్యాధి అదుపులో లేదని గుర్తించి వైద్యుని వద్దకు పంపాలి.

నివారణే మేలు

చేతిరుమాలు, గుడ్డ మాస్కు సూక్ష్మకణాలను సరిగా ఆపలేవు. దుమ్ములో పనిచేసే హమాలీలకు, డ్రైవర్లకు ముక్కు, గడ్డం వద్ద సందు లేకుండా అమరే ఎన్-95 మాస్కును సూచించవచ్చు. 1999 నాటి దీపం, 2016 నాటి ఉజ్వల పథకాల ద్వారా గ్యాస్ కనెక్షన్ పొందినా కట్టెలపైనే వంట చేస్తున్న కుటుంబాలకు పొగ వల్ల కలిగే హానిని వివరించాలి.

వైద్యుని చీటీపై మందులు అందించే బాధ్యతను 1948 నాటి ఫార్మసీ చట్టం నమోదిత ఫార్మసిస్టుకే అప్పగించింది. గాలిని శుభ్రపరచడం ఆయన చేతిలో లేదు. అది పరిశ్రమలు, రవాణా, స్థానిక సంస్థలు, పౌరులు కలిసి నెరవేర్చవలసిన కార్యం. అయితే వ్యాధిగ్రస్తుడు సకాలంలో వైద్యుని చేరేలా చూడటం మాత్రం ఆయన చేతిలోనే ఉంది. ప్రజలు కూడా మందు కొనేటప్పుడు ఫార్మసిస్టును అడిగి, వివరంగా తెలుసుకుని వాడటం శ్రేయస్కరం.