రాత్రి మూడుసార్లు లేస్తున్నారా?

అమీర్‌పేట హాస్టల్లో కోడింగ్ టెస్టుకు ప్రిపేరై ఒంటిగంటకు పడుకుంటారు. తెల్లారేలోపు మూడుసార్లు బాత్‌రూమ్‌కు లేస్తారు, లేచినప్పుడల్లా సీసాడు నీళ్లు తాగుతారు. ‘నీళ్లు ఎక్కువ తాగా కదా, అందుకే’ అనుకుంటాం. ఒక్కోసారి లెక్క తిరగబడి ఉంటుంది. ఎక్కువ పోతోంది కాబట్టే ఆ దాహం.

రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 మి.గ్రా. దాటితే కిడ్నీలు దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు. మిగిలింది మూత్రంలోకి పోతూ నీళ్లనీ లాక్కెళ్తుంది. అందుకే నోరు పిడచకట్టుకుపోతుంది, పొద్దున్నే నీరసం.

ముందు రాత్రిపూట టీ, ఎనర్జీ డ్రింకులు ఆపి చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. అయినా తగ్గకపోతే, ‘కంపెనీ మెడికల్ టెస్టు దాకా చూద్దాంలే’ అనకుండా రక్తపరీక్ష చేయించండి. పరగడుపున 126 లేదా ఆపైన, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా ఆపైన వస్తే షుగర్ కిందే లెక్క. డాక్టర్లు సాధారణంగా రెండోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. హెచ్‌బీఏ1సీ అంటే రెండు మూడు నెలల సగటు. ముందురోజు స్వీట్లు మానేసి దాన్ని బురిడీ కొట్టించలేరు!

‘సన్నగా ఉన్నా, నాకేంటి’ అనొద్దు. బాగా తింటున్నా బరువు తగ్గుతుంటే టైప్ 1 కావచ్చు. దానికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం తోడైతే తెల్లారేదాకా ఆగకండి. రూమ్‌మేట్‌ని లేపి ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పటికే ఇన్సులిన్ వాడుతుంటే కథ వేరు. చెమటతో దిండు తడిసి, చేతులు వణుకుతూ మెలకువొస్తే షుగర్ పడిపోయి ఉండొచ్చు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. ఆ డబ్బా ఎక్కడుందో రూమ్‌మేట్‌కీ తెలియాలి.