టికెట్ చిన్నదే... దాస్తేనే చిక్కు!

మన ఇళ్ళలో 'పోలీసు' అన్న మాట వస్తే చాలు, గొంతు తగ్గించేస్తాం. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని భయం. సముద్రాలు దాటినా ఆ భయం మనల్ని వదలదని, న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లెలు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు తెలిసింది నాకు.

పెళ్ళయ్యేదాకా స్కూటరైనా నడపని పిల్ల. అక్కడ కారు లేకపోతే రోజు గడవదు కనుక ముప్ఫయ్యో ఏట స్టీరింగ్ పట్టుకుంది. పిల్లాణ్ణి బడి నుంచి తెచ్చుకునే హడావుడిలో ఒకసారి వేగం మించింది. ఇంకోసారి స్టాప్ గుర్తు దగ్గర పూర్తిగా ఆగలేదు. రెండు టికెట్లు. రెంటికీ జరిమానా కట్టేసింది.

"ఎప్పుడో అయిపోయిన సంగతులక్కా! ఆయనేమో అవన్నీ రాయక్కర్లేదంటున్నారు. రాస్తే నేనేదో కేసున్న మనిషిననుకోరూ?" అంటూ ఫోన్లో ఒకటే బెంగ.

మనకిక్కడ చలానా ఎక్కువగా బండి నంబరు మీద వస్తుంది. ఫోన్లోనే కట్టేసి మర్చిపోతాం. అక్కడ పోలీసు కారు ఆపి, లైసెన్సు చూసి, మనిషి పేరు మీదే కాగితం రాసిస్తాడు. పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో, 'మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, నిర్బంధించారా, సైటేషన్ ఇచ్చారా?' అన్న ప్రశ్న ఉంటుంది. ట్రాఫిక్ టికెట్ కూడా సైటేషనే! 'ఎప్పుడైనా' అన్నారు కాబట్టి గడిచిన అయిదేళ్ళదే కాదు, పదిహేనేళ్ళ కిందటిదీ లెక్కలోకి వస్తుంది.

అలాగని బెంబేలు పడక్కర్లేదు. మద్యం, మత్తుమందుల ప్రసక్తి లేకుండా, అరెస్టు లేకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతోనో లైసెన్సు మీద పాయింట్లతోనో పోయినవాటికి కోర్టు కాగితాలు జతచేయనక్కర్లేదని దరఖాస్తు సూచనలు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాయి. కాగితాలు పెట్టడం వేరు, విషయం చెప్పడం వేరు. ఒకటీ అరా మామూలు టికెట్లతో పౌరసత్వం ఆగిపోదు. అయితే నిర్లక్ష్యంగా బండి నడపడం, మాటిమాటికీ ట్రాఫిక్ నియమాలు మీరడం కూడా దరఖాస్తుదారు నడవడికను అంచనా వేసేటప్పుడు చూడొచ్చని 2025 ఆగస్టులో అక్కడి వలస విభాగం అధికారులకు సూచించింది.

అసలు చిక్కు దాచడంలో ఉంది. ఇంటర్వ్యూలో చెయ్యెత్తి ప్రమాణం చేశాకే జవాబులు చెప్పాలి. పౌరసత్వం కోసం తెలిసి తెలిసి అబద్ధమాడితే, దాచిన సంగతి ఎంత చిన్నదైనా సత్ప్రవర్తన లేనట్టే లెక్కని 1988లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. జరిమానా కట్టేస్తే పోయే తప్పు, దాచినందువల్ల పీకకు చుట్టుకుంటుందన్నమాట. నిజంగా మర్చిపోవడం మాత్రం అబద్ధం కిందికి రాదు. ఇంటర్వ్యూలో గుర్తొస్తే అప్పుడైనా చెప్పి సరిదిద్దుకోవచ్చు.

మా చెల్లెలు రెండూ రాసింది. అధికారి ఒక్క ప్రశ్న వేసి, "జరిమానా కట్టేశారుగా?" అని ముందుకు వెళ్ళాడట. ఇన్నాళ్ళ బెంగా అరనిమిషంలో తీరిపోయింది!

మీ అమ్మాయో, తోడికోడలో ఈ పనిలో ఉంటే ఒక మాట చెప్పండి. ముందుగా ఆ రాష్ట్రపు మోటారు వాహనాల శాఖ నుంచి డ్రైవింగ్ రికార్డు తెప్పించుకోవాలి. తేదీ, ఊరు, కారణం, కట్టిన జరిమానా ఒక కాగితం మీద రాసుకోవాలి. రసీదులుంటే దాచుకోవాలి. దరఖాస్తు పెట్టేనాటికి ఉన్న సూచనలు మరోసారి చదవాలి. తాగి నడిపిన కేసో, అరెస్టో ఉంటే సొంత వైద్యం పనికిరాదు, వలస చట్టం తెలిసిన వకీలును కలవాల్సిందే.

ఇంకో సంగతి. చాలా ఇళ్ళలో ఇలాంటి దరఖాస్తులు నింపేది మగవాళ్ళే. "ఇక్కడ సంతకం పెట్టు" అంటే మనం పెట్టేస్తాం. కానీ రేపు ప్రమాణం చేసేది మనం, జవాబు చెప్పుకోవాల్సిందీ మనమే. ప్రతి ప్రశ్నా చదివి, అర్థమయ్యాకే సంతకం పెట్టడం మన హక్కు, మన బాధ్యత కూడా.