బరువు తెలిస్తే బండి తెలుస్తుంది
చిన్న వ్యాపారానికి సరుకు వ్యాను కొనదలచిన కుటుంబాలకు

సాగర్ ఎడమ కాలువ నీళ్ళు ఒకవైపు, సున్నపురాయి నేలలు మరొకవైపు హుజూర్‌నగర్ ప్రాంతానికి పనినీ వ్యాపారాన్నీ ఇచ్చాయి. మేళ్లచెరువు, మఠంపల్లి మండలాల సిమెంటు కర్మాగారాలకు, చుట్టుపక్కల రైసు మిల్లులకు పెద్ద సరుకు లారీలలో వస్తుంది, లారీలలో పోతుంది. కాని పట్టణంలో దిగిన సరుకు గరిడేపల్లి, నేరేడుచర్ల, పాలకవీడు, చింతలపాలెం పల్లెల దుకాణాలకు చేరేది చిన్న బండి మీదనే. బేకరీ, పండ్లు, కోళ్ళు, పరుపులు, వెల్డింగు, మంచినీళ్ళ డబ్బాలు - మన కుటుంబాలలో ఎందరో నమ్ముకున్న ఈ వ్యాపారాలలో ఏదో ఒకనాడు సొంత బండి ఆలోచన రాక తప్పదు. ఆలోచించి కొన్న బండి ఇంటిని నిలబెడుతుంది. తొందరపడి కొన్నది ఇంటి బంగారాన్నీ ఇంటి ప్రశాంతతనూ తీసుకుపోతుంది.

కొనడానికి ముందు ఒక నోటు పుస్తకం

షోరూముకు వెళ్ళే ముందు మూడు నెలలపాటు ఒక నోటు పుస్తకం రాయాలి. ఏ రోజున ఎంత బరువు మోశాము, ఎంత దూరం పోయాము, కిరాయి ఎంత ఇచ్చాము - ఈ మూడే అందులో ఉండాలి. వారానికి రెండు రోజులే బండి అవసరమని ఆ పుస్తకం చెబితే, కిరాయి బండే మేలు. మిగతా ఐదు రోజులు ఇంటి ముందు నిలిచిన బండికి కూడా ఇన్సూరెన్సు, కిస్తీ కట్టవలసిందే.

బరువు లెక్క సులభం. సిమెంటు బస్తా 50 కిలోలు. పదిహేను బస్తాలకే 750 కిలోలవుతుంది. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు ముప్పై ఐదు పెడితే నీళ్ళ బరువే 700 కిలోలు. బ్రెడ్డు, బిస్కట్లు, దూది పరుపులు బండి నిండినా తేలికగానే ఉంటాయి. వాటికి కావలసింది బరువు మోసే శక్తి కాదు, చోటు. ఇనుప పైపులకు, తలుపు చట్రాలకు పొడవు కావాలి. కనుక బరువా, చోటా, పొడవా అన్నది తేలిన తరువాతనే కంపెనీ పేరు అడగాలి.

ఏ పనికి ఏ బండి

2005లో టాటా ఏస్ వచ్చేవరకు మన పట్టణాలలో మూడు చక్రాల ట్రాలీ ఆటోకు, పెద్ద వ్యానుకు మధ్య చెప్పుకోదగిన బండి లేదు. ముప్పావు టన్ను మోసే ఆ నాలుగు చక్రాల బండిని జనం ‘ఛోటా హాథీ’ అన్నారు. తరువాత 2015లో మహీంద్రా జీతో, 2016లో మారుతి సూపర్ క్యారీ అదే తరగతిలో వచ్చాయి. సిమెంటు, ధాన్యం, నీళ్ళ డబ్బాలు, పైపులు మోసేవారికి తెరిచిన తొట్టి ఉన్న ఈ రకాలు సరిపోతాయి. తరచుగా టన్నుకు పైగా మోసేవారు అశోక్ లేలాండ్ దోస్త్, బొలేరో పికప్ వంటి పెద్ద తరగతి చూడాలి. చిన్న బండిపై రోజూ అదనపు బరువు వేస్తే కమాన్లు, బ్రేకులు, టైర్లు ముందే చెడిపోతాయి. పట్టుబడితే చట్టప్రకారం జరిమానా 20,000 రూపాయలు. ఆపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000.

బేకరీ సరుకు, బట్టలు, మందులు మోసేవారికి మూసి ఉన్న వ్యాను అవసరం. లారీలు తిరిగే మన దారుల దుమ్ముకు, వానకు తట్టుకునేది అదే. 1984 నుంచి తిరిగిన మారుతి ఆమ్నీ 2019లో ఆగిపోయింది. ఇప్పుడు ఆ పనికి ఈకో కార్గో ఉంది. అయితే సీట్లు ఉన్న తెల్ల నంబరు ప్లేటు ఈకోను కొని, సీట్లు తీసేసి వ్యాపారానికి నడిపే అలవాటు మంచిది కాదు. సొంత వాడకానికి ఇచ్చిన ఇన్సూరెన్సు, సరుకు మోస్తుండగా ప్రమాదం జరిగితే ఆదుకుంటుందన్న భరోసా లేదు.

ఇంధనం విషయంలో ఒక మాట. గ్యాసు బండికి ఖర్చు తక్కువ అనడం నిజమే. కాని సిలిండరు బరువు మన సరుకు బరువులోంచే పోతుంది. సూపర్ క్యారీ పెట్రోలు రకం 740 కిలోలు మోస్తే సి.ఎన్.జి. రకం మోసేది 625 కిలోలే. గ్యాసు బంకు మనం రోజూ తిరిగే దారిలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. బ్యాటరీ బండి కొనాలనుకునేవారు తమ పుస్తకంలో అత్యధిక దూరం తిరిగిన రోజును చూసుకోవాలి, సగటు రోజును కాదు.

కాగితాలు

సరుకు బండికి పసుపు ప్లేటు, ఫిట్‌నెస్ పత్రం, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. బండి, సరుకు కలిపి 3,000 కిలోలు మించకపోతే మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అవసరం లేదు. కారు నడిపే లైసెన్సుతోనే 7,500 కిలోలలోపు రవాణా బండిని నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాలపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది, జి.ఎస్.టి. రిజిస్ట్రేషను ఉన్న వ్యాపారులు సాధారణంగా ఆ పన్నును తమ లెక్కలో తిరిగి పొందవచ్చు. పాత బండి కొనేవారు ఆర్.సి.లో ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఉందేమో చూడాలి. ఆ కంపెనీ అప్పు తీరిందని పత్రం ఇచ్చి, ఆర్.సి.లో ఆ పేరు తొలగించే వరకు పూర్తి సొమ్ము చెల్లించకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, సరుకు బండిలో మనుషులను ఎక్కించకూడదు. నాట్లకు వెళ్ళే కూలీలను, వలీమాకు వెళ్ళే బంధువులను తొట్టిలో కూర్చోబెట్టి తీసుకుపోవడం మన దగ్గర మామూలైపోయింది. బండి బోల్తా పడితే అలా ఎక్కినవారికి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఇరవై ఏళ్ళకు ముందే తేల్చింది. చట్టం రక్షణ ఇచ్చేది సరుకు యజమానికో, అతని ప్రతినిధికో మాత్రమే. ప్రాణాలు మన చేతిలో అమానతు. అవి పోతే పరిహారం భారం కూడా బండి యజమాని ఇంటిపైనే పడుతుంది.

సొమ్ము ఎక్కడిది?

అసలు పరీక్ష ఇక్కడ ఉంది. ‘పది శాతమే వడ్డీ’ అన్న మాట విని సంతకం చేసేవారు ఒక లెక్క చూడాలి. నాలుగు లక్షల అప్పుకు నాలుగేళ్ళకు ఫ్లాట్ పద్ధతిలో పది శాతమంటే వడ్డీ 1,60,000. నెల కిస్తీ సుమారు 11,667. నెలకు 26 పనిదినాలనుకుంటే రోజుకు దాదాపు 450 రూపాయలు. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం అప్పు మీదనే వేస్తారు గనుక నిజమైన రేటు పదిహేడు శాతం దాటుతుంది. డీజిలు, టైర్లు, మరమ్మతులు ఇంకా లెక్కలోకి రాలేదు. వడ్డీ నిషిద్ధమన్న ఆదేశంలోని వివేకం ఈ లెక్కలోనే కనిపిస్తుంది: బండి తిరిగినా, ఆగినా, జ్వరంతో మనం మంచం పట్టినా వడ్డీ ఆగదు.

మరి మార్గమేమిటి? మన దేశంలో వడ్డీ రహిత బ్యాంకు లేదు. ఆ ప్రతిపాదనను కొనసాగించరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది. కాని దారులు పూర్తిగా మూసుకుపోలేదు. మొదటిది, కొత్త బండికి బదులు స్తోమతకు తగిన పాత బండి. రెండవది, భాగస్వామ్యం. తమ్ముడో, మేనమామో సొమ్ము పెట్టి లాభంలోనూ నష్టంలోనూ వాటా పంచుకోవచ్చు. మూడవది, విక్రేత తన సొంతమైన బండిని ఒకే నిర్ణీత ధరకు వాయిదాలపై అమ్మడం. ఆలస్యమైతే ధర పెరగదన్న షరతు అందులో ఉండాలి. ఒప్పందాన్ని ముందుగా ఆలిముకు చూపించడం మంచిది. నాలుగవది, వడ్డీ లేని పరపతి సంఘాలు, బైతుల్‌మాల్ వంటి సంస్థలు. రాష్ట్ర మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ సబ్సిడీ పథకాల ప్రకటనలు వచ్చినప్పుడు షరతులన్నీ చదివి, అందులో బ్యాంకు అప్పు భాగం ఉందో లేదో తెలుసుకోవాలి.

దారి ఏదైనా కాగితం మీద పెట్టుకోవాలి. గడువు గల అప్పును సాక్షులతో రాసుకొమ్మని దివ్యఖుర్‌ఆన్ బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తుంది. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకని మొహమాటపడేవారే తరువాత మాటలు మానుకుంటారు.

ఇంట్లో ఇల్లాలి బంగారం అమ్మి బండి కొనే కుటుంబాలు చాలా ఉన్నాయి. మహర్ ఆమె హక్కు. ఆమె మనసారా ఇస్తేనే భర్తకు ధర్మసమ్మతమని నిసా సూరా 4వ ఆయతు చెబుతుంది. అడిగినప్పుడు కాదనలేక ఊరుకోవడం ఇష్టంతో ఇవ్వడం కాదు. ఆ సొమ్ము అప్పా, వాటానా, కానుకా అన్నది ముందే తేల్చాలి. వాటా అయితే బండి లాభంలో ఆమె భాగం నెలనెలా ఆమె చేతికి అందాలి.

మూడు నెలల పుస్తకం, బరువు లెక్క, కాగితాలు, వడ్డీ లేని సొమ్ము, ఇంటివారి ఇష్టం - ఈ ఐదూ సరిగా ఉంటే ఏ కంపెనీ బండి అన్నది చిన్న ప్రశ్న. వీటిలో ఒక్కటి తక్కువైనా, మరో ఆరు నెలలు కిరాయి బండితో గడపడం నష్టం కాదు.