ముద్ద, మాట, ముఖం

అమెరికాలో సినిమాలు చూసే మనవాళ్లలో చాలామందికి రోజర్ ఈబర్ట్ పేరు తెలుసు. షికాగో సన్‌టైమ్స్ పత్రికలో దశాబ్దాలపాటు సమీక్షలు రాసిన విమర్శకుడు. 2002లో ఆయనకు థైరాయిడ్ క్యాన్సర్ బయటపడింది, మరుసటి ఏడాది లాలాజల గ్రంథిలో కూడా వచ్చింది. 2006లో కింది దవడలో కొంత భాగం తీసేశారు. ఆ తర్వాత వచ్చిన చిక్కుల్లో మాట పోయింది, నోటితో తినడం, తాగడం కూడా పోయాయి. రుచుల కంటే, తింటూ పదిమందితో చెప్పుకునే కబుర్లే తనకు పెద్ద లోటని 2010లో ఒక వ్యాసంలో రాసుకున్నారు.

నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక, ముక్కు, లాలాజల గ్రంథులకు వచ్చే క్యాన్సర్లను కలిపి తల–మెడ క్యాన్సర్లు అంటారు. ఈ జబ్బు దెబ్బతీసేది ముద్దని, మాటని, ముఖాన్ని. మనం ఒకరికొకరం దగ్గరయ్యేది ఆ మూడింటితోనే. అందుకే చికిత్స ముగిసి, ఇంటికొచ్చి, అందరూ ఊపిరి పీల్చుకున్నాక ఈ రోగుల్లో చాలామందికి అసలు కష్టం మొదలవుతుంది. "ప్రాణం దక్కింది, అదే పదివేలు" అంటారు చుట్టాలు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట విన్నాక తన బాధ చెప్పుకోవడానికి మనిషికి నోరు రాదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. భారతదేశంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే మొదటి స్థానం. గుట్కా, ఖైనీ, చుట్ట, బీడీ, వాటికి తోడు మద్యం ప్రధాన కారణాలు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటుకూ, అంగిటి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లలోనే వైద్యులు రాసిపెట్టారు. ఆ అలవాటు ఆడవాళ్లలోనూ బాగా ఉండేది. అమెరికాలో దారి వేరు. అక్కడ టాన్సిళ్లు, నాలుక మొదలు దగ్గర వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తున్నవే. పొగాకు ముట్టనివాళ్లకూ వస్తాయి.

కారణం ఏదైనా నింద తప్పడం లేదు. చుట్ట తాగినవాడు తన చేతులారా తెచ్చుకున్నాడని ఊరంటుంది, అతనూ అదే అనుకుంటాడు. హెచ్‌పీవీ లైంగికంగా అంటుకునేది కాబట్టి, ఆ పేరు వినగానే భార్యాభర్తల మధ్య అనుమానం మొలుస్తుంది. ఆ వైరస్ ఏళ్ల తరబడి, దశాబ్దాలైనా ఒంట్లో దాగి ఉండగలదు. దాన్నిబట్టి ఎవరి నడవడికనూ తేల్చలేమని డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

భోజనం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ప్రేమంతా వడ్డనలోనే ఉంటుంది. రేడియేషన్ తర్వాత లాలాజలం తగ్గిపోతుంది. ఆవకాయ మాట దేవుడెరుగు, చారులో మిరియం కూడా మండుతుంది. గుక్క నీళ్లు తాగితే తప్ప ముద్ద దిగదు. కొందరికి దవడ బిగుసుకుపోయి నోరు మూడువేళ్ల మేర కూడా తెరుచుకోదు. పొలమారుతుంది, పెదవి చివర నుంచి కారిపోతుంది, భోజనానికి గంట పడుతుంది. దాంతో పెళ్లిళ్లు మానేస్తారు. తర్వాత ఇంట్లోనే అందరూ తిన్నాక తింటామంటారు. వండిపెట్టిన భార్య తన వంట నచ్చలేదేమోనని లోపల కుమిలిపోతుంది. ఆమె అలసట గురించి అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

విదేశాల్లో ఉన్న పిల్లలకు తల్లిదండ్రులతో ఉన్న బంధమంతా ఫోన్‌లోనే. ఈ జబ్బు సరిగ్గా అక్కడే దెబ్బకొడుతుంది. మాట ముద్దగా వస్తోందని నాన్నగారు ఫోన్ అమ్మకిచ్చేస్తారు. "బాగానే ఉన్నారులే" అంటుంది అమ్మ. వీడియో కాల్‌లో ఆయన భుజమే కనిపిస్తుంది, ముఖం పక్కకు జరిగిపోతుంది. అలాంటప్పుడు ఆయన్నే పిలవండి. వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి, మీరు అందించకండి. మాట కష్టమైతే వాట్సాప్‌లో రాసుకోండి. స్వరపేటిక తీసేసినవాళ్లకు మాట తిరిగి తెచ్చే మార్గాలున్నాయి: మెడకు ఆనించి పలికే ఎలక్ట్రోలారింక్స్, శ్వాసనాళానికీ ఆహారనాళానికీ మధ్య అమర్చే చిన్న కవాటం. అలాంటి కవాటాన్ని బెంగళూరు డాక్టర్ విశాల్ రావు బృందం ఆమ్ అనే పేరుతో చాలా చవకగా తయారుచేసింది. పరికరం ఒక్కటే చాలదు, దానితో మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు కావాలి, అదీ తెలుగులో నేర్పేవారు.

మనసు సంగతి దాచకుండా చెప్పుకోవాలి. అమెరికాలో 2000 నుంచి 2014 వరకు ఉన్న లెక్కలు చూస్తే, ఇతర క్యాన్సర్ల నుంచి బయటపడినవారి కంటే తల–మెడ క్యాన్సర్ వచ్చినవారిలో ఆత్మహత్యల ముప్పు దాదాపు రెట్టింపు. అయితే దిగులును ముందే పట్టుకోవచ్చు, ఆపనూ వచ్చు. డిస్ట్రెస్ థర్మామీటర్ అనే కాగితం మీద గత వారం రోజుల బాధను 0 నుంచి 10 వరకు గుర్తించమంటారు. 4 దాటితే, 4 ఉన్నా సరే, వివరంగా మాట్లాడాలి. తల–మెడ క్యాన్సర్ రోగులపై నెబ్రాస్కాలో చేసిన ఒక మందు పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. చికిత్సకు ముందు నుంచే ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు ఇచ్చినవాళ్లలో 10 శాతం మందికి డిప్రెషన్ వస్తే, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 24.6 శాతం మందికి వచ్చింది. ఇంకొకటి, మెడకు రేడియేషన్ ఇస్తే థైరాయిడ్ మందగించవచ్చు. నీరసం, నిరుత్సాహం, మతిమరుపు అన్నీ దానివల్లా రావచ్చు. 6 నుంచి 12 నెలలకోసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. బతకాలని లేదన్న మాట వినిపిస్తే ఆలస్యం వద్దు: భారత్‌లో టెలి మానస్ నంబరు 14416, అమెరికాలో 988.

అమెరికాలో నోటి క్యాన్సర్ నుంచి బయటపడిన ఒకావిడ 1991లో స్పాంక్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఆ జబ్బు పడినవాళ్లే కొత్తగా పడినవాళ్లకు తోడు నిలుస్తారు. మనకూ ఆ ఏర్పాటు తెలుగులో కావాలి. ప్రవాసుల చేయూతతో హైదరాబాద్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000లో మొదలైంది. యంత్రాలకు, భవనాలకు ఇచ్చిన చేతులే ఇప్పుడు ఆసుపత్రుల్లో కౌన్సెలర్ జీతానికీ, స్పీచ్ థెరపిస్టు జీతానికీ ఇవ్వాలని నా కోరిక. మన ప్రవాస తెలుగు సంఘాల్లో ఈ జబ్బు దాటినవాళ్లు ఇష్టపడితే, రేపు ఆపరేషన్‌కు వెళ్లే తెలుగువారితో ఫోన్‌లో మాట్లాడే చిన్న బృందం కట్టవచ్చు. ఈసారి సంఘం వనభోజనాల్లో కారం లేని మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, పల్చటి మజ్జిగ ఎవరూ అడగకుండానే అందరి వరుసలోనే పెట్టించండి.