మీకు తెలుసా? రెండు కెమెరాలు ఉంటే దూరం కొలవొచ్చు!

బొటనవేలిని ముఖానికి ఎదురుగా నిలబెట్టి, ఒకసారి కుడికన్ను, మరోసారి ఎడమకన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది, వెనకున్న గోడ మాత్రం పెద్దగా కదలదు. వస్తువు ఎంత దగ్గరగా ఉంటే గెంతు అంత పెద్దది. స్టీరియో కెమెరా చేసే పని ఆ గెంతును కొలవడమే. రోబోలు, డ్రోన్లు తయారుచేయాలనుకునే విద్యార్థులు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతులు ఇవి.

● ఈ విద్య ఫొటో సంగతి లోకానికి తెలియక ముందటిది. రెండు కళ్లకు కాస్త తేడా ఉన్న రెండు బొమ్మలు చూపిస్తే మెదడు వాటిని కలిపి లోతును గ్రహిస్తుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే నిరూపించారు. అద్దాలతో చేసిన ఆయన స్టీరియోస్కోప్‌లో పెట్టినవి చేత్తో గీసిన బొమ్మలు. ఫొటో తీసే డాగ్యురే పద్ధతి లోకానికి వెల్లడైంది ఆ మరుసటి ఏడాది.

● ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియకపోయినా ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన బేలా జులెష్ 1960లో, చుక్కలు తప్ప మరేమీ లేని చిత్రాల జతలను కంప్యూటర్‌తో తయారుచేశారు. విడిగా చూస్తే అన్నీ చుక్కలే. రెండు కళ్లతో కలిపి చూస్తే మధ్యలో ఓ చతురస్రం తేలి కనిపిస్తుంది. అందుకే స్టీరియో కెమెరాలోని చిప్‌కు కుర్చీని, కుక్కను గుర్తుపట్టే తెలివి అక్కర్లేదు. ఎడమ చిత్రంలోని చిన్న ముక్క కుడి చిత్రంలో ఎక్కడుందో వెతికి పట్టుకుంటే చాలు.

● లెక్క చాలా సులువు. కెమెరాల మధ్య ఎడాన్ని పిక్సెళ్లలో చెప్పిన ఫోకల్ లెంగ్త్‌తో గుణించి, వస్తువు ఎన్ని పిక్సెళ్లు జరిగిందో ఆ సంఖ్యతో భాగిస్తే దూరం వచ్చేస్తుంది. ఎడం 7.5 సెంటీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 800 పిక్సెళ్లు అనుకుందాం. మీటరు దూరంలోని వస్తువు 60 పిక్సెళ్లు జరుగుతుంది, 10 మీటర్ల దూరంలోనిది 6 మాత్రమే. కొలతలో ఒక్క పిక్సెల్ తగ్గితే దగ్గరి వస్తువుకు తేడా రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అదే ఒక్క పిక్సెల్ తగ్గితే 10 మీటర్ల దూరంలోని వస్తువు 12 మీటర్ల దూరంలో ఉన్నట్టు తేలుతుంది!

● అందుకే ఏ పనికి ఎంత ఎడం కావాలో ముందే తేల్చుకోవాలి. రియల్‌సెన్స్ డి435 స్టీరియో కెమెరాలో అది 5 సెంటీమీటర్లు, ఓక్-డిలో 7.5, జెడ్ 2లో 12. అంగారకుడిపై తిరిగే క్యూరియాసిటీ రోవర్ నావిగేషన్ కెమెరాల మధ్య దాదాపు 42 సెంటీమీటర్లు. ఎడం పెరిగితే దూరపు చూపు మెరుగవుతుంది, కానీ మరీ దగ్గరి వస్తువులు లెక్కకు అందవు.

● ప్రత్యేక ప్రాసెసర్ ఎందుకు? 1280×720 చిత్రంలో 9,21,600 పిక్సెళ్లు. ఒక్కోదానికి 64 చోట్ల జోడీ వెతుకుతూ, సెకనుకు 30 చిత్రాలు చూడాలంటే సెకనుకు దాదాపు 177 కోట్ల పోలికలు. మామూలు ప్రాసెసర్‌కు ఇది అప్పగిస్తే మిగతా పనులకు తీరిక ఉండదు. ఆ బరువంతా కెమెరా పక్కనే ఉన్న చిప్ మోస్తే, రోబో చేతికి సిద్ధంగా ఉన్న దూరాలే వస్తాయి.

● 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్ కూడా స్టీరియో చూపుతోనే నడిచింది. దాని రెండు నావిగేషన్ కెమెరాలు తీసిన చిత్రాలను భూమికి రప్పించి, నేల ఎత్తుపల్లాలు లెక్కగట్టి, దారి ఖాయం చేసి ఆదేశాలు పంపేవారు. ఆగస్టు 27న మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పున్న గుంత కనబడితే రోవర్‌ను వెనక్కి మళ్లించారు. అదే అంగారకుడికైతే సంకేతం వెళ్లడానికే నిమిషాలు పడతాయి. అందుకే 2021లో అక్కడ దిగిన పెర్సివరెన్స్ రోవర్‌లో చిత్రాల లెక్కకు విడిగా ఓ కంప్యూటర్ పెట్టారు. దానివల్ల అది చక్రాలు ఆపకుండానే దారి వెతుక్కోగలదు.

● తెల్లగోడ ఈ కెమెరాలకు పెద్ద చిక్కు. అంతా ఒకేలా ఉంటే జోడీ దొరకదు. కొన్ని పరికరాలు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు చల్లి ఈ చిక్కు తప్పించుకుంటాయి. వరస ఊచల కిటికీ దగ్గర ఒక ఊచకు బదులు పక్క ఊచతో జత కట్టే ప్రమాదముంది. పక్కపక్కన అమర్చిన కెమెరాలకు అడ్డంగా కట్టిన దండెం తీగ అంతుపట్టదు, ఎందుకంటే తీగ పొడవునా ప్రతి ముక్కా ఒకేలా ఉంటుంది.

● రెండు కెమెరాలూ ఒకే క్షణంలో చూడాలి. సెకనుకు మీటరు వేగంతో వెళ్లే రోబోలో ఒక కెమెరా 33 మిల్లీసెకన్లు వెనకబడితే ఆలోపు రోబో 3.3 సెంటీమీటర్లు కదిలిపోతుంది. కాబట్టి కదిలే యంత్రానికి ఒకే సంకేతంతో పనిచేసే, గ్లోబల్ షట్టర్ (చిత్రమంతా ఒకేసారి బంధించే ఏర్పాటు) ఉన్న కెమెరాలు తీసుకోవాలి. కదలని వస్తువులతో నేర్చుకోవడానికైతే ఒకే రకం వెబ్‌క్యామ్‌లు రెండు చాలు.

● అసలు కిటుకు కాలిబ్రేషన్‌లో, అంటే కెమెరాల తీరును కొలిచి సరిచేసుకోవడంలో ఉంది. చదరంగం గళ్ల కాగితం ప్రింట్ తీసి, ముడత లేకుండా గాజుపలకకో ప్లైవుడ్‌కో అతికించండి. గడి వెడల్పు స్కేలుతో కొలవండి, ప్రింటర్ కొలత మార్చేసి ఉండొచ్చు. పలకను వంచుతూ, తిప్పుతూ, చిత్రం మూలల దాకా జరుపుతూ రెండు కెమెరాలతో ఫొటోలు తీయండి. ఉచితంగా దొరికే ఓపెన్ సీవీ సాఫ్ట్‌వేర్ గళ్ల మూలలు పట్టుకుని లెన్స్ వంపునూ, కెమెరాలు ఒకదానికొకటి ఎలా ఉన్నాయో కూడా లెక్కగడుతుంది. ఆ లెక్కతో రెండు చిత్రాలనూ సరిచేస్తే జోడీ కోసం ఒకే వరసలో వెతికితే సరిపోతుంది. ఆ తర్వాత స్క్రూ వదులైనా, కెమెరా కాస్త పక్కకు జరిగినా ఈ పని మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే.

ఖరీదైన బోర్డు కొనే ముందు మీ రోబో ఎంత దూరం చూడాలో, ఎంత తేడాను తట్టుకోగలదో కాగితం మీద రాసుకోండి. పై లెక్కతో ఎడం తేల్చుకోండి. కెమెరాలను గట్టి పట్టీకి బిగించి, కాలిబ్రేషన్‌కు ఓ పూట ఓపిగ్గా కేటాయించండి. ఆ పునాది సరిగ్గా లేకపోతే ఎంత వేగమైన ప్రాసెసర్ పెట్టినా సరైన దూరం రాదు.