మిర్పువా గృహము: యజమాని హక్కు, పౌరుల నీడ

దక్షిణ ఫ్రాన్సునందలి ఆరియేజ్ మండలమున మిర్పువా యను చిన్న పట్టణము కలదు. 1289లో వఱద యా యూరిని రూపుమాపఁగా, జనులు నది యవతలిగట్టున క్రొత్తపట్టణమును గట్టుకొనిరి. అందలి అంగడి చౌకము చుట్టును ఇండ్ల మేడలు కొయ్యస్తంభములపై ముందునకుఁ జొచ్చియుండును. వాని క్రింద జనులు ఎండవానలు సోఁకక నడతురు. వీనిలో ముఖ్యమైనది పూర్వము పురపాలకులు వాడిన 'కాన్సులుల గృహము'. దాని దూలముల కొనలయందు మనుష్యముఖములు, మృగములు, వికృతాకారములు చెక్కఁబడియున్నవి.

ఇట్టి గృహము ఎవరిది? గోడలు యజమానివి, నీడ బాటసారిది. ఈ చిక్కును ఫ్రెంచివారు శాసనముచే విప్పఁజూచిరి. 1887 నాటి చట్టము ప్రకారము యజమాని సమ్మతింపనిదే అతని గృహమును రక్షిత కట్టడముగా నిర్ణయించుటకు వీలులేకుండెను. 1913 డిసెంబరు 31 నాటి చట్టము సమ్మతి లేకున్నను నిర్ణయింపవచ్చు ననెను. అయితే నష్టపడిన యజమానికి పరిహారము గోరు హక్కు నిచ్చెను. అనుమతిలేక యేమియు మార్పరాదు. మరమ్మతు వ్యయమున ప్రభుత్వము కొంత భరింపవచ్చును. 2004లో ఈ నియమములు వారసత్వస్మృతిలోఁ జేర్పఁబడినవి.

ఇందలి న్యాయము మాకు స్పష్టముగాఁ దోఁచుచున్నది. పదుగురి మేలునకై యొకని చేతులు గట్టినప్పుడు, ఆ పదుగురును ఖర్చునఁ బాలుపంచుకొనవలయును. ఒట్టి నిషేధము ఏ యింటిని నిలుపఁజాలదు. కప్పు కాఱుచున్న యింటికిఁ గావలసినది వడ్రంగియు, వాని కూలియును.