మీకు తెలుసా?

తెలుగునాట తొలి వితంతు పునర్వివాహం రాజమహేంద్రవరంలోని ఒక పాత ఇంట్లో జరిగింది. తేదీ 1881 డిసెంబర్ 11. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. పెళ్లి పెద్ద, ఇంటి యజమాని సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం. ఆ ఇల్లు ఇప్పుడు రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

వితంతు వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. అది మన గడప దాటి లోపలికి రావడానికి పాతికేళ్లు పట్టింది! ఇలాంటి పెళ్లి చేయిస్తే వెలి వేసేవారు. ఆ రోజుల్లో వెలి అంటే మాటలు కాదు. పురోహితుడు దొరకడు, వంటవాళ్లు రారు, నీళ్లు మోసే మనిషి కూడా ముఖం చాటేస్తాడు. అప్పుడు బిందె పట్టుకుని గోదావరికి వెళ్లినదీ, పొయ్యి ముందు కూర్చున్నదీ వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ. అల్లరి మూకలు ఇంటి మీదికి రాకుండా ఆయన శిష్యులైన కుర్రాళ్లు కాపలా కాశారు.

రక్షిత కట్టడం అనగానే మనకు కోటలూ గోపురాలే గుర్తొస్తాయి. ఇదేమో ఒక ఇల్లు. గోదావరి సీమలో పాత ఇళ్ల అందమంతా ఇంటి నడుమ కప్పు లేకుండా ఉండే మండువాలోనూ, దాని చుట్టూ కప్పు కింద సాగే వసారాలోనూ ఉంటుంది. ఈ ఇంటిని నిలబెట్టుకున్నది మాత్రం అందం కోసం కాదు, అందులో జరిగిన ఆ పెళ్లి కోసం, చేయించిన మనిషి కోసం.